వేసవిలో పాలసీ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్: నీతి ఆయోగ్‌కి పెట్టాలా, జిల్లాలోనే చూసుకోవాలా?

తెనాలి_ఎకో
బీఏ ఎకనామిక్స్, నాలుగో సెమిస్టర్ నడుస్తోంది. పరీక్షలయ్యాక వేసవిలో షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ చెయ్యాలి కదా. క్లాసులో సగంమంది ఆడిటర్ ఆఫీసు అంటున్నారు, మిగతా సగం డబ్బు కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటామంటున్నారు. నాకు ప్రభుత్వ విధానాల మీద పరిశోధన చేసే చోట చెయ్యాలని ఉంది. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వానికి విధాన సలహాలిచ్చే నీతి ఆయోగ్‌కి పెట్టొచ్చా? ఎప్పుడు పెట్టాలి? డబ్బులివ్వరట, నిజమేనా? టాపిక్ కూడా అనుకున్నాను: "ఆంధ్రప్రదేశ్‌లో మహిళా సాధికారత, ప్రభుత్వ పథకాల పాత్ర". మే, జూన్ రెండూ ఖాళీ.

హాస్టల్_పప్పు
ఆ టాపిక్‌కి రెండు నెలలు కాదు, రెండు పుష్కరాలు కావాలి.

పాతఫైలు
టాపిక్ తర్వాత. ముందు నీతి ఆయోగ్ సంగతి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. లింకు ప్రతి నెలా 1 నుంచి 10వ తేదీ వరకే తెరిచి ఉంటుంది. చేరాలనుకున్న నెలకి కనీసం రెండు నెలల ముందు పెట్టాలి, ఆరు నెలల కంటే ముందు పెట్టకూడదు. మే నెలలో చేరాలంటే మార్చి 10 ఆఖరు. ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే అవకాశం, కాబట్టి పరీక్షల తేదీ తెలియకుండా తొందరపడి పెట్టి వృథా చేసుకోవద్దు. వ్యవధి ఆరు వారాలకి తగ్గదు, ఆరు నెలలు దాటదు. స్టైపెండ్ లేదు. లాప్‌టాప్ మనదే తీసుకెళ్ళాలి; కూర్చునే చోటు, ఇంటర్నెట్ వాళ్ళిస్తారు. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) కావాలి.

అర్హత: డిగ్రీ వాళ్ళు రెండో ఏడాది, అంటే నాలుగో సెమిస్టర్ పరీక్షలు రాసి ఉండాలి, ఇంటర్‌లో 85 శాతం ఉండాలి. పీజీ వాళ్ళయితే మొదటి ఏడాది పరీక్షలు రాసి ఉండాలి, డిగ్రీలో 70 శాతం. నిబంధనలు అప్పుడప్పుడూ మారుస్తారు, అప్లై చేసే రోజు సైట్లో ఉన్న పీడీఎఫ్ దించి దగ్గర పెట్టుకోండి.

తెనాలి_ఎకో
ఇంటర్‌లో వెయ్యికి 838.

హాస్టల్_పప్పు
పన్నెండు మార్కులు! సెకండ్ లాంగ్వేజ్ తెలుగు తీసుకున్నావు కదూ? సంస్కృతం తీసుకుని ఉంటే ఆ పన్నెండూ ఊరికే వచ్చేవి.

తెనాలి_ఎకో
తెలుగే 😐

విజయనగరం_912
నాకు 912. కానీ మా యూనివర్సిటీ నాలుగో సెమ్ పరీక్షలు మే రెండో వారం దాకా జరిగేలా ఉన్నాయి. మే 1 అని పెడితే?

పాతఫైలు
జూన్ మొదటి వారం అని పెట్టుకో. చేరే రోజు మార్కుల మెమోలు, ఎన్‌ఓసీ ఒరిజినల్స్ చూపించాలి. పరీక్ష వాయిదా పడితే చేరే తేదీ జరపమని అక్కడ బతిమాలడం కంటే ముందే ఎడం ఉంచుకోవడం నయం. జూన్ 1 నుంచి ఆరు వారాలంటే జూలై రెండో వారం, ఐదో సెమిస్టర్ క్లాసులు ఎప్పుడు మొదలవుతాయో కాలేజీలో కనుక్కో. ఆరు వారాలకి ఒక్కరోజు తగ్గినా సర్టిఫికెట్ రాదనుకునే లెక్క వేసుకో. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు కాదు, 60 రోజులే. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో వేసవి బెర్తులు తెరిచిన రోజే అయిపోతాయి.

చాయ్‌తో_తేజ
838 అంటే దాదాపు 84. ఫారంలో శాతం మనమే కదా కొట్టేది?

పాతఫైలు
దాన్ని తప్పుడు సమాచారం అంటారు. పైన చెప్పాను, మెమో చూస్తారు. ఢిల్లీ దాకా వెళ్ళి గేటు దగ్గర వెనక్కి రావడం ఎందుకు?

తార్నాక_టీ
నాకసలు ఈ ఉచిత సేవ మీదే అభ్యంతరం. ఢిల్లీలో షేరింగ్ గది, తిండి, మెట్రో కలుపుకుంటే నెలకి 15 వేలకి తగ్గదు. చేతి నుంచి ముప్పై వేలు పెట్టుకోగలిగిన ఇంటి పిల్లలే పాలసీ రీసెర్చ్ చెయ్యాలన్నమాట. ఇచ్చేవాళ్ళు లేకపోలేదు. రిజర్వ్ బ్యాంకు వేసవి ప్లేస్‌మెంట్‌కి నెలకి 20 వేలు, విదేశాంగ శాఖ 10 వేలు. కాకపోతే ఆర్‌బీఐది పీజీ, ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్, లా వాళ్ళకి. అప్లికేషన్లు అక్టోబరు 15 నుంచి డిసెంబరు 15. రెండూ డిగ్రీ రెండో ఏడాదికి పనికిరావు.

విజయనగరం_912
ఏపీ భవన్ క్యాంటీన్ ఉంది కదండీ, తిండికి అంత అవుతుందా?

తార్నాక_టీ
రోజూ మధ్యాహ్నం సంసద్ మార్గ్ నుంచి అశోకా రోడ్డుకి వెళ్ళొస్తే పని ఎప్పుడు చేస్తావు?

హాస్టల్_పప్పు
అక్కడి పప్పు మీద పాలసీ నోట్ రాస్తే సరి.

గణాంకాల_గౌరి
తార్నాక_టీ చెప్పిన ఖర్చు మాట నిజమే. కానీ దానివల్ల ఆ ఇంటర్న్‌షిప్ దండగ అనను. ఒక విభాగం లోపల ఫైలు ఎలా నడుస్తుందో, మంత్రిత్వ శాఖ వ్యాఖ్యలకి జవాబు ఎలా రాస్తారో బయట నేర్పేవాళ్ళు లేరు. రెండో విషయం, అక్కడ రాసినదాన్ని ఇష్టమొచ్చినట్టు బయట పెట్టకూడదు. సెమినార్లో చదవాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి, అభిప్రాయాలు ఇంటర్న్‌వే అని రాయాలి. కాలేజీలో రిపోర్టు ఇవ్వాల్సిన వాళ్ళు ఏది చూపించొచ్చో మొదటి వారమే మెంటార్‌ని అడిగి పెట్టుకోవాలి.

@తెనాలి_ఎకో, ఎంఏ మొదటి ఏడాది అయ్యాక మళ్ళీ పెట్టు, అప్పుడు అడిగేది డిగ్రీ శాతం. సీజీపీఏని శాతంలోకి మార్చే సూత్రం ఒక్కో యూనివర్సిటీకి ఒక్కోలా ఉంటుంది. డిగ్రీ పట్టా తీసుకునేటప్పుడే కన్వర్షన్ లెటర్ కూడా తీసుకో.

తెనాలి_ఎకో
సరే, ఈ వేసవికి ఢిల్లీ లేదు. ఇంట్లో కూడా ఊపిరి పీల్చుకుంటారు. హైదరాబాద్‌లో ఎవరైనా తీసుకుంటారా? లేక ఇంట్లోనే కూర్చుని ఎన్‌ఎఫ్‌హెచ్ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) డేటా దించుకుని ఏపీ, తెలంగాణ జిల్లాల వారీగా పోల్చి రిపోర్టు రాయనా?

ఓరుగల్లు_బిడ్డ
ఆగు చెల్లె, గక్కడ్నే మునుగుతరు అందరు. ఎన్‌ఎఫ్‌హెచ్ఎస్-4 అయింది 2015-16ల, అప్పుడు తెలంగాణకు 10 జిల్లాలు. ఎన్‌ఎఫ్‌హెచ్ఎస్-5 2019-21ది, దాంట్ల 31. ఇప్పుడున్నయి 33. ములుగు, నారాయణపేట 2019 ఫిబ్రవరిల అయినయి, ఆ సర్వేల లేవు.

మా వరంగల్ సంగతి ఇంకా అన్యాలం. 2011 జనాభా లెక్కలల్ల వరంగల్ అంటే పాత జిల్లా మొత్తం. 2016ల ముక్కలు చేసినప్పుడు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ అయినయి, మిగిలింది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దిక్కు పోయింది. 2021ల అర్బన్‌ను హనుమకొండ అన్నరు, రూరల్‌ను ఉత్త వరంగల్ అన్నరు, మండలాలు గూడ అటిటు మార్చిండ్రు. జిల్లా పేరు పెట్టి ఎక్సెల్‌ల వీలుకప్ (పేరు చూసి రెండు పట్టికలు కలిపే ఫార్ములా) కొడితే వేరే వేరే జాగలు ఒక్క వరుసల కూసుంటయి. ఎర్రర్ గూడ రాదు.

గణాంకాల_గౌరి
ఆ చివరి వాక్యం ఫ్రేము కట్టించి పెట్టుకోవాలి. గుంటూరూ అంతే. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాత గుంటూరులోంచి పల్నాడు విడిపోయింది, బాపట్లకి కొంత పోయింది. ఎన్‌ఎఫ్‌హెచ్ఎస్-5లో గుంటూరు అంటే మాచర్ల నుంచి రేపల్లె దాకా. ఖమ్మంది ఇంకో తిరకాసు: 2014లో ఏడు మండలాలు ఏపీకి వచ్చాయి, కానీ 2011 జనాభా లెక్కల్లో అవి ఖమ్మం ఖాతాలోనే ఉంటాయి.

జిల్లా ఫ్యాక్ట్ షీట్‌లో బ్రాకెట్లో ఉన్న అంకెలు చూసే ఉంటావు. ఆ అంకె 25 నుంచి 49 మంది మీద ఆధారపడిందని అర్థం. నక్షత్రం గుర్తు (*) ఉంటే 25 మంది కూడా లేరని, అందుకే అంకె ఇవ్వలేదని. పిల్లలు ఆ బ్రాకెట్లు తీసేసి బార్ చార్టు గీస్తారు, చార్టు చాలా అందంగా వస్తుంది.

పేర్లతో కలపకుండా ఎల్‌జీడీ కోడ్‌తో (ప్రతి జిల్లాకి, మండలానికి ప్రభుత్వం ఇచ్చిన నంబరు) కలిపితే పేర్ల స్పెల్లింగ్ గొడవ పోతుంది. సరిహద్దుల గొడవ మాత్రం కోడ్ వల్ల పోదు, మండలాల స్థాయికి దిగి మళ్ళీ కూడుకోవాల్సిందే. ఎన్‌ఎఫ్‌హెచ్ఎస్‌లో మండలం అంకెలు ఉండవు కాబట్టి ఆ దారి కూడా మూసుకుపోయింది.

తెనాలి_ఎకో
అంటే ఈ పోలిక కుదరదు?

గణాంకాల_గౌరి
రాష్ట్రాల స్థాయిలో కుదురుతుంది. జిల్లాల స్థాయిలో తెలంగాణకి రెండు రౌండ్ల మధ్య కుదరదు. అయినా ఇది ఎప్పుడైనా ఎవరైనా ఇంట్లో కూర్చుని చెయ్యగలిగిన పని. ఇంటర్న్‌షిప్ అంటే ఇంట్లో కూర్చుంటే దొరకనిది ఏదైనా చేతికి రావాలి.

తార్నాక_టీ
హైదరాబాద్ సంగతి: బేగంపేటలో సెస్ (ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం), రాజేంద్రనగర్‌లో ఎన్‌ఐఆర్‌డీపీఆర్ (జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ), జూబ్లీహిల్స్‌లో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ ఉన్నాయి. సంస్థ జనరల్ మెయిల్‌కి బయోడేటా పడేస్తే జవాబు రాదు. సైట్లో ఫ్యాకల్టీ పేజీ తెరిచి, నీ విషయం మీద పనిచేసే ఒక్కరిని ఎంచుకుని, వాళ్ళ పేపర్ ఒకటి చదివి, అందులో ఏ టేబుల్ గురించి నీకు ప్రశ్న ఉందో రాసి పంపు. మెయిల్ పది వాక్యాలు దాటకూడదు. తేదీలు, నీకు వచ్చిన సాఫ్ట్‌వేర్, నువ్వు రాసిన రెండు పేజీల నమూనా ఉండాలి. "ఐ యామ్ ప్యాషనేట్ అబౌట్ పాలసీ" అని మొదలైతే నేనైనా రెండో వాక్యం చదవను.

పాతఫైలు
అంత దూరం ఎందుకు? ప్రతి జిల్లాలో ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసు ఉంటుంది, సీపీఓ అంటారు. వర్షపాతం, పంటల విస్తీర్ణం, పంట కోత ప్రయోగాలు, ధరల సేకరణ, జిల్లా గణాంక దర్శిని అన్నీ అక్కడే పుడతాయి. అందరూ రాజధానిలో వాడే అంకె తయారయ్యే చోటు అది. ఇంటర్న్‌షిప్ పథకం అంటూ బోర్డు ఏమీ ఉండదు. ప్రిన్సిపల్ లేఖ, దానికి ఒక పేజీ నోట్ జత చేసి తపాల్ సెక్షన్‌లో ఇచ్చి, నకలు మీద స్టాంపు వేయించుకోవాలి. వారం తర్వాత ఇన్‌వర్డ్ నంబరు చెప్పి అడగాలి. నంబరు లేకుండా అడిగితే "ఏ లేఖ?" అంటారు.

ఒక హెచ్చరిక. మే, జూన్ బదిలీల కాలం. ఏప్రిల్‌లో నోటిమాటగా సరే అన్న అధికారి జూన్‌లో ఆ కుర్చీలో ఉండకపోవచ్చు. అనుమతి కాగితం మీదే తీసుకో.

తెనాలి_ఎకో
సీపీఓ ఆఫీసు గురించి మాకెవరూ చెప్పలేదు. కానీ నాకు ఆడవాళ్ళకి సంబంధించిన పథకం మీదే చెయ్యాలని ఉంది. స్త్రీ శక్తి ఉచిత బస్సు తీసుకుంటే? "ఉచిత బస్సు వల్ల ఆడవాళ్ళ ఉపాధి పెరిగిందా" అని.

తార్నాక_టీ
రెండు నెలల్లో తేలదు. పీఎల్‌ఎఫ్‌ఎస్ (కేంద్రం చేసే ఉపాధి సర్వే) అంకె కదిలినా అది బస్సు వల్లో, వ్యవసాయం పనుల వల్లో, సర్వే పద్ధతి వల్లో విడదీయలేవు. ఆ సర్వేని 2025 జనవరి నుంచి మార్చారు కూడా, వెనకటి ఏళ్ళతో నేరుగా అతికించకూడదు.

డిపో_దగ్గర
ఉపాధి వదిలెయ్. ఒక్క డిపో తీసుకుంటే చెయ్యగలిగేది చాలా ఉంది. స్త్రీ శక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్, ఈ ఐదింటికే. గుర్తింపు కార్డు చూసి కండక్టర్ మెషీన్‌లో సున్నా టికెట్ కొడతాడు. ఆ టికెట్ల విలువ ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలి కాబట్టి లెక్క రోజువారీ, సర్వీసు వారీ ఉంటుంది. తెనాలి డిపో మీ ఊళ్ళోనే ఉంది కదా.

తెనాలి_ఎకో
అయితే ఆగస్టుకి ముందు ఎంతమంది ఆడవాళ్ళు, తర్వాత ఎంతమంది అని పోల్చొచ్చు!

గణాంకాల_గౌరి
ముందు ఎంతమందో ఎవరు చెప్తారు? డబ్బు పెట్టి కొన్న టికెట్ మీద పెద్దలు, పిల్లలు అనే ఉంటుంది. ఆడా, మగా అని ఉండదు. సున్నా టికెట్ వచ్చాకే ఆడవాళ్ళు విడిగా కనపడటం మొదలైంది. నీకు "తర్వాత" ఉంది, "ముందు" లేదు.

హాస్టల్_పప్పు
పెళ్ళయ్యాక ఫొటోలే ఉండి పెళ్ళికి ముందు ఫొటోలు లేనట్టు.

డిపో_దగ్గర
గౌరి గారన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంకోటి, సున్నా టికెట్లన్నీ కొత్త ప్రయాణాలు కావు. అంతకుముందు నెలవారీ పాస్ మీద తిరిగిన ఉద్యోగినులు, కాలేజీ అమ్మాయిలు ఇప్పుడు సున్నా టికెట్‌లోకి వచ్చారు. పాస్ ఉన్నప్పుడు వాళ్ళు టికెట్ లెక్కలో లేనే లేరు. ఒక మనిషి రెండు బస్సులు మారితే రెండు టికెట్లు. టికెట్ల సంఖ్యని "లబ్ధిదారులు" అని రాస్తే మొదటి పేజీలోనే పట్టేస్తారు.

తెనాలి_ఎకో
మరి ఏం చూడాలి?

డిపో_దగ్గర
మొత్తం ప్రయాణికులు, ఆక్యుపెన్సీ రేషియో (ఓఆర్, అంటే బస్సు ఎంత శాతం నిండిందో), నడిచిన కిలోమీటర్లు, సర్వీసు రకం వారీగా 2025 మే, 2026 మే. వీటితోపాటు ఆడవాళ్ళ నెల పాస్‌లు ఎన్ని తగ్గాయో. ఓఆర్ అడిగినప్పుడు ఒక ప్రశ్న తప్పనిసరి: ఆ శాతం ఆదాయం మీద కట్టారా, మనుషుల మీద కట్టారా, అందులో సున్నా టికెట్ విలువ కలిపారా? ఇది తేల్చుకోకపోతే బస్సు కిక్కిరిసి వెళ్తున్నా నీ టేబుల్లో ఓఆర్ పడిపోయినట్టు కనిపిస్తుంది. రెండేళ్ళలో బస్సుల సంఖ్య మారి ఉంటే కిలోమీటరుకి ఎంతమంది అని భాగించి చూడు.

ఓరుగల్లు_బిడ్డ
మా దిక్కు ఆడోళ్ళకు ఫ్రీ బస్సు, మహాలక్ష్మి, 2023 డిసెంబర్ 9న షురువైంది. తెలంగాణది గూడ పక్కన పెట్టి చూస్తే మంచిగుంటది. కాని మే నెలలు పోల్చేటప్పుడు పైలం. 2024 మే 13న ఓట్లు. ఆ వారం హైదరాబాద్‌ల ఉన్న జనమంత ఊళ్ళకు పోయిండ్రు, ఆంధ్రోళ్ళు గూడ పోయిండ్రు. 2023 మేతోని పోలిస్తే ఆ పెరుగుదల బస్సు ఫ్రీ వల్లనా, ఓట్ల వల్లనా?

పాతఫైలు
మంచి మాట. ఏపీలో 2025, 2026 మే నెలలకి ఎన్నికల అడ్డు లేదు, కానీ పంచాంగం అడ్డు ఉంది. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. పెళ్ళిళ్ళు ఉండవు. 2025 మే రెండో సగంలో పెళ్ళి ప్రయాణాలున్నాయి, 2026లో ఉండవు. నెల మొత్తం పోలిస్తే పథకం వల్ల పెరిగింది కొంత దీంట్లో కొట్టుకుపోతుంది. మే 1 నుంచి 16 వరకు ఒక ముక్క, 17 నుంచి 31 వరకు ఒక ముక్క విడిగా చూపించు. జూన్ 12న బడులు తెరుస్తారు, జూన్ వాడితే అక్కడ మళ్ళీ కొయ్యాలి.

తార్నాక_టీ
అధికమాసాన్ని కంట్రోల్ వేరియబుల్‌గా పెట్టిన మొదటి రిపోర్టు ఇదే అవుతుందేమో. కానీ మాట సరైనదే, ఒప్పుకుంటున్నా.

తెనాలి_ఎకో
ఈ డేటా డిపో వాళ్ళు ఇస్తారా? ఆర్టీఐ వెయ్యాలా?

ఓరుగల్లు_బిడ్డ
వేసెయ్. పది రూపాయలే.

పాతఫైలు
వెయ్యొచ్చు, కానీ మొదటి అస్త్రంగా వద్దు. జవాబుకి 30 రోజులు గడువు, నీ ఇంటర్న్‌షిప్ 60 రోజులు. మొదటి అప్పీలుకి వెళ్తే సెలవులే అయిపోతాయి. పైగా కాగితం ఆర్టీఐ అని రాగానే అది చట్టం ఫైలు అవుతుంది. నోటితో చెప్పేవాళ్ళు కూడా నోరు కట్టుకుంటారు. ఫీజు ఏపీలో గ్రామ స్థాయిలో లేదు, మండలంలో 5, పైన 10 రూపాయలు. ముందు లేఖతో అడుగు. ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి నుంచి ప్రభుత్వ ప్రజా రవాణా శాఖ కింద ఉన్నారు, జిల్లాకి ప్రజా రవాణా అధికారి ఉంటారు, డీపీటీఓ. లేఖ ఆయన పేర, నకలు డిపో మేనేజర్‌కి.

ఓరుగల్లు_బిడ్డ
లేఖకు జవాబు రాకపోతే? ఏప్రిల్‌ల రెండూ వేసుడు మంచిది అంట నేను.

డిపో_దగ్గర
రెండూ ఒకేసారి వేస్తే రెండూ ఆగుతాయి. లేఖ ఏప్రిల్ మొదటివారం ఇచ్చి, పదిహేను రోజులు చూసి అప్పుడు ఆలోచించు. "డేటా ఇవ్వండి" అని కాదు, ఖాళీ టేబుల్ గీసి ఇవ్వు: తేదీ, సర్వీసు రకం, కిలోమీటర్లు, మొత్తం టికెట్లు, సున్నా టికెట్లు, ఓఆర్. గుమస్తా ఆ ఎక్సెల్ నింపి పంపేలా ఉండాలి. ఎవరి పేర్లూ, ఆధార్‌లూ అక్కర్లేదని లేఖలోనే రాయి, సగం భయం పోతుంది.

గణాంకాల_గౌరి
అంకెల్లో లేని "ముందు" కోసం బస్టాండ్‌లో చిన్న సర్వే పెట్టుకో. 150 మంది చాలు. 150కి పొరపాటు అవధి (అసలు అంకెకి నీ అంకె ఎంత దూరంగా ఉండొచ్చో) అటూ ఇటూ 8 శాతం పాయింట్లు ఉంటుంది. దాన్ని మూడు వయసుల కింద విడగొడితే ఒక్కో గుంపులో 50 మందే, అవధి 14కి పోతుంది. కాబట్టి ఉప విభజనలు వద్దు. అది కూడా లాటరీ తీసినట్టు ఎంచినప్పటి లెక్క. బస్టాండ్‌లో దొరికేది బయల్దేరినవాళ్ళే, ఇంట్లో ఉండిపోయినవాళ్ళు దొరకరు. ఆ పరిమితి రిపోర్టులో ఒక వాక్యంగా రాసెయ్.

ఎలా ఎంచాలంటే, ఒకే ప్లాట్‌ఫారం దగ్గర నిలబడి ప్రతి ఐదో స్త్రీని అడుగు. నవ్వుతూ కనిపించినవాళ్ళనే అడగాలని మనసు లాగుతుంది, అక్కడే నమూనా చెడుతుంది. పొద్దున్న 7 నుంచి 9, మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 5 నుంచి 7, మూడింట్లోనూ సమానంగా. పొద్దున్న ఉద్యోగాలవాళ్ళు, మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఒక్క పూటే చేస్తే ఊరంతా ఆసుపత్రికే పోతున్నట్టు తేలుతుంది.

ప్రశ్నలు పన్నెండు దాటొద్దు, ఆరు నిమిషాల్లో అయిపోవాలి, మధ్యలో బస్సొస్తుంది. మొదట పదిమంది మీద ప్రయోగించి, ఎక్కడ "ఏంటమ్మా?" అంటున్నారో ఆ ప్రశ్న మార్చు. పేరు, ఫోన్ నంబరు అడగొద్దు. ఇష్టమైతేనే చెప్పమని ముందే అను.

తెనాలి_ఎకో
"ఈ పథకం వల్ల మీకు లాభం కలిగిందా" అన్నది మొదటి ప్రశ్న అనుకున్నాను.

గణాంకాల_గౌరి
అందరూ అవునంటారు. నువ్వు ప్రభుత్వం మనిషివి అనుకుంటారు, కాదంటే తీసేస్తారేమోనని భయం. ఇలా అడుగు: ఇవాళ ఎక్కడికి? ఎందుకు? పోయిన వేసవిలో ఇదే ఊరికి ఎలా వెళ్ళేవారు? ఆ జవాబుకి డబ్బిచ్చి బస్సు, నెల పాస్, షేర్ ఆటో, ఇంటి బండి, వెళ్ళేదాన్ని కాదు అని ఐదు గళ్ళు పెట్టు. నీ రిపోర్టుకి ప్రాణం ఆ ఒక్క ప్రశ్న. డబ్బిచ్చి బస్సన్నవాళ్ళకి మిగిలింది టికెట్ డబ్బు. షేర్ ఆటో అన్నవాళ్ళు వాహనం మార్చారు. వెళ్ళేదాన్ని కాదు అన్నవాళ్ళది మాత్రమే కొత్త ప్రయాణం. మూడూ కలిపి "లబ్ధి" అంటే విధానం గురించి ఏమీ చెప్పనట్టే.

చాయ్‌తో_తేజ
ఆటోవాళ్ళని కూడా అడగాలి మరి.

డిపో_దగ్గర
అడిగితే మంచిదే, కానీ రెండు నెలల్లో రెండు సర్వేలు వద్దు. స్టాండ్‌లో నలుగురైదుగురితో మాట్లాడి ఒక పేరా రాస్తే చాలు, శాతాలు మాత్రం వెయ్యొద్దు.

లాగ్‌బుక్_సార్
కాలేజీ వైపు నుంచి రెండు మాటలు. షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్‌గా లెక్కలోకి రావాలంటే మొదలుపెట్టకముందే మెంటార్ సంతకం, సంస్థ అంగీకార పత్రం ఉండాలి. డిపో డేటా ఇస్తుంది కానీ "మా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసింది" అని రాయకపోవచ్చు. కాబట్టి ఇంటర్న్‌షిప్ సీపీఓ ఆఫీసులో, విషయం బస్సుల మీద, ఇలా పెట్టుకుంటే సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు ఉంటారు. లాగ్‌బుక్ ఏ రోజుది ఆ రోజే రాయాలి. చివరి రాత్రి ఒకే పెన్నుతో రాసిన లాగ్‌బుక్ వైవాలో పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

పాతఫైలు
అది సరైన దారి. సీపీఓ ఆఫీసుకి కూడా జిల్లా సమీక్షలో పనికొచ్చే నోట్ దొరుకుతుంది, కాబట్టి డీపీటీఓకి ఒక మాట వాళ్ళే చెప్తారు. అలాగని నిన్ను టైపింగ్‌కి కూర్చోబెట్టే ప్రమాదం లేకపోలేదు. రోజూ సగం పూట వాళ్ళ పని, సగం పూట నీ పని అని ఒక పేజీ నోట్‌లోనే రాసుకో.

తెనాలి_ఎకో
రిపోర్టు ఎన్ని పేజీలు?

పాతఫైలు
కాలేజీకి ఎంత అడిగితే అంత. ఆఫీసుకి నాలుగు పేజీలు. మొదటి పేరాలో తేలిన విషయం, ఎక్కడ ఏం చెయ్యొచ్చో రెండు వాక్యాలు. "ఎక్స్‌ప్రెస్‌లో రద్దీ ఎక్కువ, పొద్దున్న ఫలానా రూట్లో ఒక ట్రిప్ పెంచితే ఇంత ఖర్చు" లాంటిది. "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అని రాస్తే ఎవరు, ఏ చర్య, ఏ పద్దు కింద అని పక్కనే రాయి. రాయలేకపోతే ఆ వాక్యం కొట్టెయ్. సాహిత్య సమీక్ష, ధన్యవాదాలు, మహిళల ప్రాచీన స్థితి అన్నీ కాలేజీ కాపీలోకి.

హాస్టల్_పప్పు
"వేదకాలంలో మహిళలు" లేకుండా ప్రాజెక్టు రిపోర్టా? బైండింగ్ షాపువాడు ఊరుకోడు.

తార్నాక_టీ
జీఓలు చదవడం మర్చిపోకు. పథకం నిజంగా ఏం చెప్పిందో పేపర్ వార్తల్లోంచి కాదు, జీఓలోంచి రాయాలి. ఎంఎస్ అని ఉన్నది విధానపరమైనది, ఆర్‌టీ అని ఉన్నది మామూలు పాలనా వ్యవహారం. బడ్జెట్ అంకె వాడితే అది అంచనానా, సవరించిన అంచనానా, వాస్తవ ఖర్చా అని ప్రతి చోటా రాయి. వాస్తవ ఖర్చు రెండేళ్ళ వెనకది దొరుకుతుంది కాబట్టి ఈ పథకానికి నీకు దొరికేది అంచనాలే.

తెనాలి_ఎకో
ఇప్పుడు టాపిక్ ఇలా రాశాను: "తెనాలి డిపోలో ఉచిత బస్సు ప్రయాణం: 2025, 2026 మే నెలల పోలిక, మహిళా సాధికారతపై ప్రభావం". ఏప్రిల్ 1న సీపీఓకి, డీపీటీఓకి లేఖలు. మే 1 నుంచి ఆఫీసు. రెండో వారం పదిమందితో ప్రయోగం, మూడో, నాలుగో వారాల్లో సర్వే. జూన్‌లో డేటా శుభ్రం చెయ్యడం, రాయడం.

గణాంకాల_గౌరి
సర్వే మూడో వారం నుంచి అంటే మే 17 దాటి అధికమాసంలో పడుతుంది, పెళ్ళికి వెళ్ళేవాళ్ళు దొరకరు. ప్రయోగం మొదటి వారంలోనే చేసెయ్, సర్వే సగం 16కి ముందు, సగం తర్వాత. ఫారం మీద తేదీ, పూట కచ్చితంగా రాసుకో. శుభ్రం చెయ్యడానికి రెండు వారాలు పూర్తిగా ఉంచు. డిపో షీట్లలో తేదీ ఒకచోట 05-06, ఇంకోచోట 06-05 అని వస్తుంది, ఎక్సెల్ రెండింటినీ తలాడిస్తూ తీసుకుంటుంది.

పాతఫైలు
టైటిల్‌లో చివరి కామా తర్వాతది తీసెయ్. లేఖ మీద ప్రిన్సిపల్ సంతకం మార్చి ఆఖరులోపే చేయించుకో, ఏప్రిల్‌లో ఆయన పరీక్షల డ్యూటీలో ఉంటారు.

డిపో_దగ్గర
డిపోకి మధ్యాహ్నం రెండు తర్వాత వెళ్ళు. పొద్దున్న సర్వీసులు వదిలేటప్పుడూ, సాయంత్రం కండక్టర్లు క్యాష్ కట్టేటప్పుడూ ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళినా చాలా చోట్ల సిస్టంలో పెట్టనివ్వరు, ఆఫీసు మెయిల్‌కి పంపమని మెయిల్ ఐడీ లేఖలోనే రాసి ఇవ్వు.